పొట్టి రివాల్వరు: ఎన్నికయు, ధారణయు



నేటి సాయంకాలము నేను మనవి చేయబోవు విషయము బడిపంతులు నోట వినదగినది కాదని మీలో కొందఱు తలపవచ్చును. వ్యాకరణమును, లెక్కలను చెప్పి తల నెఱసినవానికి రివాల్వరుతో నేమి పని యని నవ్వవచ్చును. కాని మా చెల్పూరు ప్రాంతమున ఈ ప్రశ్న పలుమారు నా యరుగు మీదికి వచ్చుచున్నది. మా యూర కాకతీయ విద్యుత్కేంద్రము వెలసినది. ప్రక్కనే భూపాలపల్లి బొగ్గుగనులు. భూముల వెల పెరిగినది. పత్తియు, మిరపయు అమ్మిన సొమ్ము సంచులలో తిరుగుచున్నది. మఱియు కొన్ని పాత యిండ్లలో తాతలనాటి చిన్న రివాల్వరు పెట్టె యడుగున పడియున్నది. “పంతులుగారూ, దీనిని నిత్యము నడుమున నుంచుకొని తిరుగవచ్చునా? పాతవానిలో ఏది మేలు?” అని అడుగుచున్నారు.

నేను సిపాయిని గాను, వేటగాడను గాను. అయినను అడిగినవానికి తెలిసికొని చెప్పుట పంతులు పని. కావున శాసనమును చదివితిని. లైసెన్సుగల దుకాణములో తుపాకులు బాగుచేయు పనివాని నొకనిని, ఠాణాలో ఆయుధముల లెక్క చూచి పని విరమించిన ఉద్యోగి నొకనిని అడిగి సంగతులు గ్రహించితిని. వానినే క్రమముగా విన్నవించెదను.

మన పూర్వుల ధనుర్వేదమున ఆయుధములను నాలుగు తెగలుగా విభజించిరి. చేత విడుచునది ముక్తము. చేత పట్టియే కొట్టునది అముక్తము. రెండు విధముల వాడదగినది ముక్తాముక్తము. యంత్రముచేత విడువబడునది యంత్రముక్తము. రివాల్వరు ఈ కడపటి తెగలోనిది. కత్తి పట్టినవాడు చేయి దించిన కత్తియు దిగును. కఱ్ఱ యెత్తినవాడు నడుమ నాపవచ్చును. యంత్రముక్తమునకు అట్టి యవకాశము లేదు. భారతమున సౌప్తికపర్వ కథ మీ రెఱుగనిది కాదు. అర్జునుడును, అశ్వత్థామయు మహాస్త్రములను ప్రయోగించిరి. మహర్షులు వారింపగా అర్జునుడు తన యస్త్రమును మరల్చుకొనెను. అశ్వత్థామకు విడుచుట తెలిసినదే కాని మరల్చుట చేతకాలేదు. గొట్టము దాటిన గుండు విషయమున మనమందఱమును అశ్వత్థామలమే. దానికి ఉపసంహారము లేదు. కావున ఆపవలసిన దేదైనను గుండు బయలుదేరకమునుపే ఆపవలెను. అట్లు ఆపునవి మూడు: శాసనము, యంత్రము, హస్తము. పాత రివాల్వరు నెన్నుకొనువాడు ఈ మూటిని ఈ వరుసలోనే పరీక్షింపవలెనని నా మనవి. అందమును, పేరును, వెలను అటుపిమ్మట చూడవచ్చును.

ముందుగా ఆ వస్తువేమో చూతము. మన పల్లెలలో పెద్దలకు తెలిసినది బర్మారు తుపాకి. మందును, గుండును ముందునుండి కూరి, ఒకమారు పేల్చి, మరల కూరవలెను. ఒకే చేతితుపాకిలో ఐదాఱు మారులు పేలునట్లు తిరుగుడు చక్రము నమర్చి 1836లో అమెరికాలో శామ్యూల్ కోల్టు హక్కుపత్రము పొందెను. చక్రమునందు ఐదో ఆఱో అరలుండును. ఒక్కొక్క యరలో నొక తూటా. మీట లాగినప్పుడు చక్రము ఒక యర మేర తిరిగి గొట్టమునకు ఎదురుగా నిలుచును; వెనుకనున్న సుత్తి లేచి తూటా యడుగును కొట్టును. ఇంతియే దాని రహస్యము. 1857లో స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ లోహపు తూటాతో పనిచేయు రివాల్వరును విక్రయించుట కారంభించినది.

దీనిని జేబులో నిముడునంత పొట్టిగా చేయవలెనను కోరిక త్వరలోనే పుట్టినది. ఇంగ్లండులోని బర్మింగుహాము నగరమున వెబ్లీ సంస్థ 1868లో ఐర్లండు పోలీసులకొఱకు కుఱుచ గొట్టపు రివాల్వరును, 1872లో దానికంటె చిన్నదగు ‘బుల్‌డాగు’ను చేసినది. ఈ బుల్‌డాగు రూపమును బెల్జియమునను, స్పెయినునను, అమెరికాలోను ఎందఱో అనుకరించిరి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డును రైలు స్టేషనులో కాల్చినది ఈ జాతి రివాల్వరే. జేబులో దాగునది కనుకనే జనము నడుమ నిలిచిన హంతకుని నెవరును గుర్తింపలేదు. చిన్నతనము ఎంత సౌకర్యమో అంత ప్రమాదమని ఈ యొక్క కథయే చెప్పుచున్నది. పిమ్మట 1927లో కోల్టువారి ‘డిటెక్టివ్ స్పెషల్’ రెండంగుళముల గొట్టముతోను, 1950లో స్మిత్ అండ్ వెస్సన్ వారి ‘చీఫ్స్ స్పెషల్’ ఐదు తూటాలతోను వెలువడినవి. సినిమాలలో రహస్యపోలీసుల నడుమున కనబడు పొట్టిముక్కు రివాల్వరులు ఇవియే.

ఇక మొదటి పరీక్ష శాసనము. మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టమును, 2016 నాటి ఆయుధముల నియమములును దీనిని పాలించుచున్నవి. వానిలో ముఖ్యమైన మాట ‘బోరు’. బోరనగా గొట్టపు లోపలి వ్యాసము. .380, .455 అంచుగల తూటాలను గాని, సైన్యపు తొమ్మిది మిల్లీమీటర్ల తూటాలను గాని పేల్చగల చేతితుపాకులన్నియు నిషిద్ధబోరు క్రిందికి వచ్చును. దీని యర్థము గ్రహింపుడు. ఆంగ్లేయ సైనికాధికారులు నడుమున ధరించిన పెద్ద వెబ్లీ .455 బోరుది. రెండవ ప్రపంచయుద్ధమునాటి ఎన్‌ఫీల్డు, వెబ్లీ నాలుగవ తరహా సైనిక రివాల్వరులు .380 బోరువి. పాతవని ముచ్చటపడి కొనదలచువారికి ముందుగా కనబడునవి ఇవియే. సామాన్య పౌరునకు ఇవి తగవు. కేంద్రప్రభుత్వపు ప్రత్యేకానుమతి లేక ఇట్టిదానిని దగ్గఱ నుంచుకొన్నచో, 2019 సవరణ తరువాత, ఏడేండ్లకు తక్కువ కాని కారాగారశిక్ష కలదు. ‘.38’ అని చెక్కియున్న ఏ పొట్టి రివాల్వరునైనను లైసెన్సు అధికారిని వ్రాతమూలకముగా అడిగి జవాబు పొందనిదే తాకకుండుట మేలు.

మన పౌరులకు సాధారణముగా లభించు రివాల్వరు బోరు .32. ఈ తూటా 1896లో అమెరికాలో పుట్టినది. ఇప్పుడు మన దేశమందే తయారగుచున్నది. వెబ్లీవారును, కోల్టువారును, స్మిత్ అండ్ వెస్సన్ వారును .32 బోరులో కూడ చిన్న రివాల్వరులను చేసిరి. కావున పాత పొట్టి రివాల్వరు నెన్నుకొనువాని చూపు ఈ యొక్క బోరు మీదనే నిలువవలెను.

“ఇది పురాతన వస్తువు గదా, దీనికి లైసెన్సెందుకు?” అని కొందఱందురు. ఇది పెద్ద భ్రమ. చట్టము విడిచిపెట్టినది ఉన్నదున్నట్లుగా గాని, బాగుచేసిన మీదట గాని పేలుటకు వీలులేని పాతదానిని మాత్రమే. మీ తాతగారి రివాల్వరు తుప్పు రాల్చి నూనె రాచిన పేలునదైనచో అది ఆయుధమే. దానికి లైసెన్సు వలయును. లైసెన్సు లేక ఉంచుకొన్నచో రెండేండ్లనుండి ఐదేండ్లదాక శిక్ష కలదు.

వారసత్వపు మార్గము చట్టబద్ధమైనదే. లైసెన్సుదారుడు గతించినప్పుడును, అతనికి డెబ్బదియేండ్లు నిండినప్పుడును, లేక ఆయుధము అతని యొద్ద ఇరువదియైదేండ్లు ఉన్న పిమ్మటను, వారసుడు తన పేర లైసెన్సు కోరవచ్చును. కాని గతించిన వెంటనే లైసెన్సు వారసునకు తనంత తాను సంక్రమింపదు. దినవారములు ముగియువఱకు ఇంట నుంతమనుకొనరాదు. ఆయుధమును జాగుచేయక సమీపపు ఠాణాలో గాని, లైసెన్సుగల దుకాణదారు నొద్ద గాని అప్పగించి రసీదు పొంది, పిమ్మట దరఖాస్తు పెట్టవలెను. దరఖాస్తు కలెక్టరుగారికి, పోలీసు కమిషనరునకు ఆ యధికారమున్న చోట్ల కమిషనరుగారికి చేరవలెను. ఠాణానుండి విచారణ జరుగును. ఇరువదియొక యేండ్లు నిండనివానికి సాధారణముగా ఇయ్యరు. 2019 సవరణ ప్రకారము ఒక్కొక్కరికి రెండు తుపాకులకు మించరాదు; లైసెన్సు గడువు ఐదేండ్లు. గడువు తీరు తేదీని పంచాంగమున గుర్తు పెట్టుకొనుడు.

రెండవ పరీక్ష యంత్రము. దీనిని వేగిరపడక చేయవలెను. ఏది చేయుటకైనను ముందు గొట్టమును జనములేని దిక్కునకు త్రిప్పి, చక్రము తెరచి, అరలన్నియు ఖాళీగా నున్నవని కంట చూచి, వ్రేలితో తడిమి తెలిసికొనవలెను. అమ్మువాడు “ఖాళీదే” యని చెప్పిన మాటను నమ్మరాదు.

మొట్టమొదట అంకెలు. ఆయుధముపై చెక్కిన సంఖ్యయు, కాగితములోని సంఖ్యయు ఒక్కటే కావలెను. సంఖ్యను ఆకురాయితో గీచివేసిన గుర్తు కనబడెనా, అక్కడనుండి లేచి రావలెను. తరువాత పరీక్షాముద్రలు. బర్మింగుహాములోను, లండనులోను ప్రభుత్వ శాసనముచే నడుపబడు పరీక్షాశాలలు కలవు. ప్రతి తుపాకిని అధికమైన మందుతో పేల్చి చూచి, చెదరనిదానిపై ముద్ర వేయుదురు. బెల్జియములోని లియేజి నగరమందును అట్లే. ఇందులో నొక సూక్ష్మము కలదు. పందొమ్మిదవ శతాబ్దిలో చేసిన పెక్కు చిన్న రివాల్వరులు నల్లమందుకొఱకు చేయబడినవి. నేటి తూటాలలోనిది పొగలేని మందు. దాని యొత్తిడి తీరు వేఱు. నల్లమందునాటి యినుములో నేటి తూటా పేల్చినచో చక్రము పగిలి చేతిని చీల్చవచ్చును. కావున పొగలేని మందునకు పరీక్షించిన ముద్ర లేని రివాల్వరు, ఎంత మెఱుగుగా నున్నను, గోడకు తగిలించుటకే గాని నడుమున కట్టుటకు గాదు. స్పెయినులోని ఐబారు పట్టణమున ప్రసిద్ధ సంస్థల రూపములను అనుకరించి చేసినవానిలో పెక్కింటి ఉక్కు మెత్తనిది. రూపము చూచి మోసపోరాదు.

తూటా పొడవును కూడ చూడవలెను. .32 లోనే పొట్టి తూటా యొకటి, పొడుగు తూటా యొకటి కలవు. మిక్కిలి పాత జేబు రివాల్వరులు పొట్టిదానికొఱకు చేసినవి. పొడుగుది వానిలో పట్టదు. మఱియు .32 పిస్తోలు తూటా యని వేఱొకటి కలదు. అంకె యొక్కటే యని దానిని రివాల్వరులో దూర్చరాదు.

తరువాత చక్రమును పరీక్షింపవలెను. సుత్తిని మెల్లగా వెనుకకు లాగినప్పుడు, అది పూర్తిగా నిలుచు నప్పటికి చక్రమును బిగిసి నిలువవలెను. ఒక్కొక్క యరకును ఇట్లు చూడవలెను. చక్రము నిలువక యూగులాడినచో అర గొట్టమునకు సరిగా ఎదురు రాదు. గుండు గొట్టపు అంచును చెక్కి సీసపు తునుకలను ప్రక్కకు చిమ్మును. ప్రక్కనున్నవాని కన్ను పోవుట కిది చాలును. చక్రమునకును, గొట్టమునకును నడుమ సందు అంగుళములో వేయింట నాలుగు మొదలు పది భాగములదాక ఉండుట మామూలు. అంతకు మించిన నిప్పు ప్రక్కలకు ఎగజిమ్మును. గొట్టపు లోపల వెలుతురు పట్టి చూడవలెను. తుప్పు గుంటలు కొద్దిగా నున్నను గుఱి చెడును. ఒకచోట ఉంగరమువలె ఉబ్బు కనబడినచో దానిని విడిచిపెట్టవలెను. నిలిపిన సుత్తిని బొటనవ్రేలితో ముందుకు నొక్కి చూడవలెను. మీట తాకకయే సుత్తి జాఱినచో ఆ రివాల్వరు మృత్యువే.

ఇంకొక ముఖ్యాంశము సుత్తికి అడ్డుపలక. పాత రివాల్వరులలో పెక్కింటికి సుత్తి కొన ఎల్లప్పుడు తూటాను తాకుచునే యుండును. చేతినుండి జాఱి సుత్తి మీద పడినచో మీట లాగకయే పేలును. కోల్టువారు 1905 ప్రాంతముననే దీనికి నిరోధకమును కనిపెట్టిరి. 1944లో అమెరికా నౌక మీద ఒక రివాల్వరు క్రిందపడి పేలి నావికుడు మరణింపగా, స్మిత్ అండ్ వెస్సన్ వారు తమ యడ్డుపలకను క్రొత్తరీతిని దృఢముగా మార్చిరి. మీరు చూచు పాతదానిలో అట్టి నిరోధకము కలదో లేదో పనివానిచేత విప్పించి తెలిసికొనవలెను. లేనిచో, సుత్తి క్రింది యరను ఎప్పుడును ఖాళీగా నుంచుటయే శరణ్యము. అనగా ఆఱు తూటాల రివాల్వరు మీకు ఐదింటిదే. ఈ మరమ్మతులు కమ్మరి కొలిమిలో చేయింపదగినవి కావు. లైసెన్సుగల పనివానికే యియ్యవలెను.

మూడవ పరీక్ష హస్తము. ఇచ్చట జనులకు గల యపోహ యేమన, చిన్నది కనుక సులువైనదని. సత్యము దీనికి విపరీతము. గొట్టము పొట్టిదగుకొలది ముందు గుఱికిని, వెనుక గుఱికిని దూరము తగ్గును. చేయి వెండ్రుకవాసి కదలిన గుండు మూరెడు తప్పును. అరువది దాటిన కంటికి ఆ చిన్న గుఱి మసకగా కనబడును. ఆయుధము తేలిక యగుకొలది పేలినప్పుడు చేతిని వెనుకకు తన్నును. గట్టిగా పట్టుకొనుటకు పిడి చాలదు. నాలుగైదు బారల దూరమునకు మించి ఇది నమ్మదగినది కాదు. చేనిమీద పడు అడవిపందికొఱ కనువారికి కూడ చెప్పుచున్నాను: దాని కిది పనికిరాదు, పైగా అనుమతి లేని వేట 1972 నాటి వన్యప్రాణి చట్టముచే నేరము.

మీట రెండు విధముల పనిచేయును. సుత్తిని ముందుగా లాగి నిలిపిన, మీట మిక్కిలి తేలికగా కదలును. నిలుపక నేరుగా మీట లాగిన, బరువుగా, దీర్ఘముగా లాగవలెను. నిత్యధారణకు ఈ రెండవదియే క్షేమము. ఆ బరువే మనకు ఆలోచించుటకు దొరకు రెప్పపాటు కాలము. చేయి వణకు వృద్ధుడు తన వ్రేలికి ఆ బరువు లాగు శక్తి కలదో లేదో దుకాణములోనే ఖాళీ ఆయుధముతో చూచుకొనవలెను. లేనిచో తేలికయైనదానిని వెదకుట కాక, ఆయుధమును మానుటయే వివేకము. పైకి పొడుచుకొనివచ్చిన సుత్తి అంగీలోను, పంచె మడతలోను చిక్కును. అందులకే 1880ల కడపట స్మిత్ అండ్ వెస్సన్ వారు సుత్తి లోపల దాగి, పిడిని గట్టిగా పిసికిననే గాని పేలని జేబు రివాల్వరును చేసిరి. .32లో అట్టిది ఆరోగ్యముగా దొరకినచో, పాతవానిలో నిత్యధారణకు అనుకూలమైన కల్పన అదియే. అయితే పైని చెప్పిన మందు పరీక్షయు, తూటా పొడవు పరీక్షయు దానికిని తప్పవు.

పాతదానికి ప్రతిగా క్రొత్తవి కూడ కలవని మఱువరాదు. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారమువారు వెబ్లీ రీతిని మూడంగుళముల గొట్టముతో .32 రివాల్వరును చిరకాలముగా చేయుచువచ్చిరి. 2014లో స్త్రీల నుద్దేశించి ‘నిర్భీక్’ అను అర్ధకిలో బరువుగల దానిని, 2023లో ‘ప్రబల్’ అను దానిని వెలువరించిరి. 1980ల నడిమినుండి విదేశపు చేతితుపాకులు వ్యక్తులకు దిగుమతి యగుట దాదాపుగా నిలిచినందున పాత విదేశీయపు వాని వెల వాని గుణముతో నిమిత్తము లేక పెరిగినది. కావున నా యభిప్రాయమిది: క్రొత్తగా లైసెన్సు పొందినవాడు, మరమ్మతునకు ముక్కలు దొరకు స్వదేశపు క్రొత్తదానినే కొనుట మేలు. తాతనుండి వచ్చిన .32 పాతది పరీక్షలకు నిలిచినప్పుడు మాత్రమే దానిని వాడవచ్చును. పేరు చూచి పాతదానిని లక్షలు పోసి కొనుట తగదు.

ధారణ విషయము. ధోవతి మడతలో చెక్కుట, లాల్చీ జేబులో వేయుట, రూకల సంచిలో రూకలతో కలిపి యుంచుట, ఈ మూడును కూడవు. సంచి లాగుకొన్న దొంగకు మీ యాయుధమునుకూడ మీరే యిచ్చినవారగుదురు. మీటను పూర్తిగా కప్పు గట్టి తోలు ఒర, దానికి నిలుచు దట్టమైన పటకా వలయును. బహిరంగస్థలమున చేతితుపాకి ఒరలో నుండి, పైకి కనబడక, ధరించినవాని యదుపులో నుండవలెనని నియమములే చెప్పుచున్నవి. మీట మీద వ్రేలు కాల్చుటకు నిశ్చయించినప్పుడే గాని పెట్టరాదు. మన ఉక్కపోతకు చెమటతో ఇనుము తుప్పు పట్టును. వారమున కొకమారైనను తుడిచి పలుచగా నూనె రాయవలెను. తూటాలు తడిసిన, పాతబడిన పేలవు. మీట లాగినను పేలనప్పుడు గొట్టమును నిరపాయమైన దిక్కుననే పట్టి అరనిమిషము వేచియుండవలెను. ఆలస్యముగా పేలుటయు కలదు.

ఇంటికి వచ్చిన పిమ్మట అది తలగడ క్రింద నుండరాదు. ఇనుపపెట్టెలో తాళము వేసి, తూటాలను వేఱొక తాళములో నుంచవలెను. తాళపుచెవి మీ మొలత్రాటికే యుండవలెను. మనుమడు బీరువా తెరువగల వయస్సు ఎప్పుడు వచ్చినదో తాతకు తెలియదు. కల్లు గాని, సారా గాని ముట్టిన దినమున ఆయుధమును ముట్టరాదు. పెండ్లి యూరేగింపులలో గాలిలోనికి కాల్చుట వేడుక గాదు. 2019 సవరణచే అది రెండేండ్లవఱకు కారాగారమునకు గాని, లక్ష రూపాయలవఱకు జరిమానాకు గాని, రెంటికిని గాని గుఱియగు నేరము. ఆకాశమునకు పోయిన గుండు ఎవరి ముంగిటనో దిగక తప్పదు. ఎన్నికలు ప్రకటించి అధికారులు అప్పగింపుమనినప్పుడు ఠాణాలో అప్పగించి రసీదు తీసికొనుడు. అది యవమానము గాదు. పాండవులంతటివారు సమయధర్మమునకు కట్టుబడి తమ యాయుధములను జమ్మిచెట్టుపై మూటగట్టి పెట్టిరి. దసరానాడు మనము ఒకరి కొకరము బంగారమని యిచ్చుకొను ఆ యాకు, ఆయుధమును పట్టిన వీరముతో పాటు విడిచిన నిగ్రహమును కూడ జ్ఞప్తికి తెచ్చుచున్నది.

ఇక ఎప్పుడు వాడవచ్చును? 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 34 మొదలు 44 వఱకు గల సెక్షనులు ఆత్మరక్షణ హక్కును చెప్పుచున్నవి. ప్రాణమునకో, తీవ్రగాయమునకో నిజమైన భయము కలిగినప్పుడు ప్రతిఘటింపవచ్చును. దోపిడివంటి ఘోరకృత్యములయందు ఆస్తిరక్షణకును ఆ హక్కు కొంత విస్తరించును. కాని ఆపదను తొలగించుటకు వలసినంతకు మించి హాని చేయరాదు. అధికారుల సహాయము పొందుటకు వ్యవధి యున్నప్పుడు ఆ హక్కు లేదు. మేక నెత్తుకొని పాఱిపోవువాని వీపు మీద గుండు విడుచుటకు ఏ సెక్షనును లేదు. గట్టు తగాదాలో, పాలివారి కలహములో, పంచాయతి మాటలో ఒరమీద చేయి వేయుట రక్షణ గాదు, బెదిరింపు.

ఈ బెదిరింపు ఫలమేమో మన యోరుగల్లు సీమ కెవరును నేర్పనక్కఱలేదు. 1946 జూలై 4న జనగామ ప్రాంతపు కడవెండిలో విసునూరు దేశముఖుగారి మనుషులు కాల్చగా దొడ్డి కొమరయ్య నేలకొరగెను. గడీలోనుండి వెడలిన ఆ గుండ్లు జనమును అణచుటకు విడిచినవి. అవి తెచ్చినది తెలంగాణమంతయు లేచిన సాయుధపోరాటము. గ్రామమున ఒక్కనికి తుపాకి యుండుట వేఱు, ఆ తుపాకి చూపి మాట నెగ్గించుకొనుట వేఱు. మొదటిదానిని ఊరు సహించును. రెండవదానిని ఊరు మఱువదు.

ఇట్లు అడుగవచ్చినవారిలో నా పూర్వశిష్యుడొకడు కలడు. తండ్రి గతింపగా తాతగారి .32 వెబ్లీ అతని పాలికి వచ్చినది. మిరప నెనుమాముల మార్కెట్టునకు కొనిపోయి రాత్రివేళ సొమ్ముతో తిరిగి వచ్చుటలో రెండుమారులు అపరిచితులు బండి వెంట వచ్చిరట. భయము నిజమైనది, నేను దానిని తేలికగా తీసికొనలేదు. ఆయుధమును ముందే దుకాణములో అప్పగించి వారసత్వపు దరఖాస్తు పెట్టియుండెను. పనివాడు విప్పి చూడగా చక్రము నిలుపు కొక్కి అఱిగిపోయినది. సుత్తికి అడ్డుపలక లేదు. ఆ కొలతకు సరియైన ముక్క దొరకలేదు. “క్రొత్తది కొననా?” యని యడిగెను. “నీ భయము దేనికి? సొమ్మునకా, ప్రాణమునకా?” యని నేనడిగితిని. “సొమ్మునకే పంతులుగారూ, సొమ్ము లేకున్న నన్నెవ్వడు వెంబడించును?” అనెను. అటనుండి వెల బ్యాంకులోనే జమయగునట్లు వ్యాపారితో మాటలాడుకొనెను. పత్తిని ప్రభుత్వ పత్తి సంస్థకు అమ్మినప్పుడు సొమ్ము ఎట్లును ఖాతాకే వచ్చును. చీకటి పడకమున్నే ఇద్దఱు ముగ్గురు రైతులు కలిసి తిరిగివచ్చుట అలవాటు చేసికొనిరి. ఇప్పుడతని సంచిలో బియ్యము, బెల్లము తప్ప వెంబడింపదగిన దేదియు లేదు. రివాల్వరు దుకాణములోనే భద్రముగా నున్నది. అందఱి కష్టమును ఇట్లు తీరునని చెప్పను. ఒంటరి చేలలో నుండువారును, నిజముగా ప్రాణభయముగలవారును కలరు. వారికి శాసనము లైసెన్సు మార్గమును తెరచియేయున్నది. కాని ఆయుధమునకు ముందు అడుగవలసిన ప్రశ్న అదియే.

పెద్దలారా, చెప్పిన దానిని క్రోడీకరించెదను. బోరు .32 కానిచో ఆశ విడువుడు. సంఖ్యయు, పరీక్షాముద్రయు, చక్రపు బిగువును, అడ్డుపలకయు చూడక రూక యియ్యకుడు. మీ వ్రేలికి, కంటికి లొంగనిదానిని నడుమున కట్టకుడు. ఒరయు, తాళమును సిద్ధము కాకమునుపు ఆయుధమును ఇల్లు చేర్పకుడు. వీని నన్నిటిని నెఱవేర్చి ధరించినవాడు దానిని ఒరనుండి తీయకయే ఆయువు గడుపుగాక యని కోరుచు, మీ సెలవు గైకొనుచున్నాను.